వినోద చిత్రములలో నాయిక మాట

చలనచిత్రమును కన్నులతో చూతురు గాని చెవులతో వినుట యేమని నేటి పిల్లలు అడుగవచ్చును. ఆకాశవాణి కేంద్రములు సంక్షిప్త శబ్దచిత్రములను ప్రసారము చేసిన దినములను ఎరిగినవారికి మాత్రము ఆ అనుభవము క్రొత్తది కాదు. భోజనములు ముగించుకొని ఇంటిల్లిపాదియు రేడియో చుట్టును చేరెడివారు. అక్కడ తెర లేదు. చీరల అంచులు లేవు, నగల తళుకులు లేవు, నృత్యభంగిమలు లేవు, పూలతోటలు లేవు. మిగిలినది మాట, పాట, నవ్వు, నిట్టూర్పు; అంతే.

అట్లు వినునప్పుడు విచిత్రమైన సంగతి యొకటి బయటపడుచుండెడిది. కొన్ని చిత్రములలో నాయిక కంటికి కనుపింపకున్నను మన ఇంటి ఆడపడుచువలె ఎదుట నిలిచి మాటలాడెడిది. ఆమె కోపము, ఆమె పంతము, ఆమె దుఃఖము అన్నియు మనకు తెలిసెడివి. మరికొన్ని చిత్రములలో తెరను తొలగింపగానే నాయికయు మాయమయ్యెడిది. పాటకు ముందొక నవ్వు, పాట వెనుక నొక కేక తప్ప ఆమెకు చెప్పదగిన మాటయే ఉండెడిది కాదు. కథ అంతయు నాయకుడును, అతని మిత్రులును, ప్రతినాయకుడును కలిసి నడపుకొనెడివారు.

స్త్రీలను మన వినోద చిత్రములు ఎట్లు చిత్రించుచున్నవను ప్రశ్నకు మేము ఈ చెవి పరీక్షనే ఆధారముగా గైకొనుచున్నాము. నాయిక యెంత అందముగా నున్నది, ఎంత సేపు తెరమీద కనుపించినది అని కాక, ఆమె మాటకు కథలో విలువ యున్నదా అని అడుగుచున్నాము. అందునను ముఖ్యముగా ఆమె పలికిన ‘కాదు’ అను మాట యేమగుచున్నదో విచారింపదలచినాము. ప్రేమకథలో ‘ఔను’ అనుట సులభము. కథ అంతయు ఆ మాట కొరకే ఎదురు చూచుచుండును. ‘కాదు’ అన్నప్పుడే ఆమె మనిషియా, బొమ్మయా అన్నది తేలును.

గంభీర చిత్రములను విడిచి హాస్యచిత్రములను, సరస కథలను విచారించుట యెందుకని కొందరు అడుగవచ్చును. నీతి బోధించు చిత్రమును చూచునప్పుడు మనము కొంత జాగ్రత్తగా ఉందుము. ఒప్పుకొనవలెనా, కూడదా అని యోచింతుము. నవ్వించు చిత్రము ముందట అట్టి కాపలా ఉండదు. తలుపులు బార్లా తెరచి కూర్చుందుము. నవ్వుతోపాటు లోపలికి వచ్చిన అభిప్రాయము అతిథివలె వచ్చి ఇంటివాడై కూర్చుండును. కనుకనే తేలిక చిత్రములను తేలికగా తీసికొనరాదు.

ప్రేమకథ హాస్యముగా నడువవలెనన్న ఒక అడ్డంకి కావలెను. మన సాహిత్యములో ఆ అడ్డంకి పెక్కుమారులు స్త్రీ అలుకయే. పదునారవ శతాబ్దమున నంది తిమ్మన రచించిన పారిజాతాపహరణములో సత్యభామ అలుకయే కథకు ప్రాణము. కూచిపూడివారి భామాకలాపములోను ఆమె మాటయే, ఆమె అభిమానమే రంగస్థలమును ఏలును. జగన్నాటక సూత్రధారియైన శ్రీకృష్ణుడు ఆ అలుకను తేలికగా త్రోసివేయడు. దానిని తీర్చుటకే పాటుపడును. తరువాత గురజాడ అప్పారావుగారు 1897లో అచ్చువేయించిన ‘కన్యాశుల్కము’లో మధురవాణి వచ్చినది. వేశ్యయని లోకము చిన్నచూపు చూచిన ఆ స్త్రీయే నాటకములో అందరికంటె తెలివిగా మాటలాడును, అందరి గుట్టును ఎరుగును. తెలుగు హాస్యమునకు మాటకారియైన స్త్రీ క్రొత్తది కాదని చెప్పుటకే ఈ రెండు ఉదాహరణములు.

ఇక చలనచిత్రములకు వత్తము. 1955లో విజయావారు నిర్మింపగా ఎల్.వి. ప్రసాద్ దర్శకత్వము వహించిన ‘మిస్సమ్మ’ను ఎరుగని తెలుగు కుటుంబము అరుదు. చదువుకొనియు ఉద్యోగము దొరకని ఇరువురు యువజనులు, ఎం.టి. రావు, మేరీ. ఒక గ్రామములోని పాఠశాలకు పట్టభద్రులైన దంపతులు ఉపాధ్యాయులుగా కావలెనన్న ప్రకటనను చూచి, దంపతులమని బొంకి, అచ్చటికి చేరుదురు. మేరీకి అప్పు ఉన్నది. అప్పిచ్చిన డేవిడ్ ఆమెను పెండ్లాడవలెనని వేధించుచుండును. ఆ వేధింపునుండి బయటపడుటకు ఆమె ఎన్నుకొన్న మార్గము మరియొక మగవాని అండ కాదు, జీతము వచ్చు ఉద్యోగము. చిత్రములోని హాస్యమంతయు ఈ అవసరము నుండియే పుట్టినది.

‘మిస్సమ్మ’ను కన్నులు మూసికొని విన్నను సావిత్రి ధరించిన ఆ పాత్ర స్పష్టముగా తెలియును. ఆమె ముక్కోపి. తన మతమును, తన పద్ధతులను విడువనని పట్టుపట్టును. ఒకే ఇంట నుండవలసి వచ్చినను రావును హద్దులో ఉంచును. రావు పాత్రధారి ఎన్.టి. రామారావు అంతటి నటుడైనను ఆమె గీచిన గీతను ఆ పాత్ర దాటదు. బ్రతిమాలుకొనును, సర్దిచెప్పును, విసుగుకొనును, పాటయు పాడును. ఆమె మాటను మాత్రము పరిహాసముగా కొట్టివేయడు. ఆ చిత్రము నేటికిని హాయిగా నుండుటకు ఇది యొక ముఖ్య కారణమని మా నమ్మకము. బలవంతము లేనిచోట హాస్యము నిర్మలముగా నుండును.

అట్లని ‘మిస్సమ్మ’లో లోపము లేదనుట కాదు. కథ చివర మేరీ కాలిమీది పుట్టుమచ్చ వలన ఆమె జమీందారుగారి తప్పిపోయిన పెద్దకుమార్తె మహాలక్ష్మియని తేలును. అంతటితో చిక్కులన్నియు విడిపోవును. ఆమె తన కష్టముతో సంపాదించుకొన్న స్థానము పుట్టుకతోనే ఉన్న స్థానముగా మారిపోవును. ఆమె మేరీగానే ఉండి రావును వరించియున్నచో కథ యెట్లు ముగిసెడిదో ఆ చిత్రము చెప్పలేదు. ఆ కాలపు ప్రేక్షకులతో అంతదూరము నడచుటకు నిర్మాతలు సాహసింపలేదని మాత్రము ఊహింపవచ్చును. అదే సంవత్సరమున వచ్చిన ‘కన్యాశుల్కము’ చిత్రములో సావిత్రియే మధురవాణి. ఒకే ఏట ఒకే నటి ఇట్టి రెండు మాటకారి పాత్రలను ధరించుట గమనింపదగినది.

మిస్సమ్మకు మూడేండ్ల ముందు, 1952లో, అదే సంస్థ, అదే దర్శకుడు ‘పెండ్లి చేసి చూడు’ చిత్రమును అందించిరి. వరకట్నము అందులోని ముఖ్య విషయము. కట్నము ముట్టలేదని వియ్యంకుడు అలిగి కుమారుని పీటలమీదనుండి లేవదీసికొని పోగా, కొడుకును కోడలును ఉపాయముతో అతనికి బుద్ధి చెప్పుదురు. వరకట్న నిషేధ చట్టము వచ్చినది 1961లో. అంతకు తొమ్మిదేండ్ల ముందే ఒక హాస్యచిత్రము ఈ విషయమును ప్రతి ఊరి ప్రేక్షకుల ముందు నిలిపినది. నవ్వు సంఘమునకు మేలు చేయగలదనుటకు ఇంతకంటె సాక్ష్యము అక్కరలేదు.

ఇక 1962 నాటి ‘గుండమ్మ కథ’. కమలాకర కామేశ్వరరావు దర్శకుడు. ఎన్.టి. రామారావు, అక్కినేని నాగేశ్వరరావు, ఎస్.వి. రంగారావు, సావిత్రి, జమున ఉన్న చిత్రమునకు సూర్యకాంతము ధరించిన పాత్ర పేరు పెట్టుట ఆనాడే కాదు, ఈనాడును సాహసమే. గుండమ్మ భర్తలేని స్త్రీ. ఆస్తిని తానే చూచుకొనును, అప్పులు తానే వసూలు చేయును, ఇంటిలో తన మాటయే చెల్లవలెననును. సవతి కూతురైన లక్ష్మిని పనిమనిషివలె వాడుకొనును. ఆమె గయ్యాళితనమునకు మనము నవ్వుదుము. ఆ నవ్వులో కొంత న్యాయమున్నది. లక్ష్మికి జరిగినది అన్యాయమే కదా. అయితే ఇంటి పెత్తనము మగవాని చేతిలోనున్నచో అదే కాఠిన్యమును మనము గయ్యాళితనమని పిలుతుమా, లేక యజమాని దర్పమని పిలుతుమా? ఈ ప్రశ్నను చిత్రము అడుగదు, చూచినవారు అడుగుకొనవలెను.

ఆ చిత్రములోనే గుండమ్మ సొంత కూతురు సరోజ కలదు. పెంకితనము, గర్వము ఆమె దోషములు. భర్త పేదవాడుగా నటించి, ఆమెచేత తోటపని చేయించి, గర్వమును అణచును. అణకువ నేర్చుకొన్న భార్యగా ఆమె కథ ముగియును. షేక్స్పియరు మహాకవి వ్రాసిన ఒక హాస్య నాటకములోను ఇట్టి ఇతివృత్తమే కలదు. పొగరు అణుచుట యను ఈ కథ ప్రపంచమంతట పాతదే. సరోజ శ్రమవిలువను తెలిసికొనుట మంచిదే. కాని ఆ పాఠమును మోసముచేసి నేర్పు అధికారము భర్తకు ఎవరిచ్చిరి? లక్ష్మి ఓర్పునకు బహుమానము, సరోజ పలుకుబడికి శిక్ష. ఈ తూనిక తరువాతి చిత్రములలో మరింత బరువుగా దిగినది.

కనుక పాత చిత్రములన్నియు బంగారమనియు, తరువాతివన్నియు ఇత్తడియనియు మేము చెప్పుటలేదు. పాత చిత్రములలో నాయికకు కథలో ఒక పనియుండెడిది. ఆమె మాటకు జవాబు చెప్పక నాయకునకు గడిచెడిది కాదు. అంతమాత్రమే మా వాదము. 1970 ప్రాంతములలో రచయిత్రుల నవలలు చిత్రములుగా వచ్చినప్పుడు ఈ గుణము కొంత నిలిచినది. యద్దనపూడి సులోచనారాణి నవల ‘సెక్రటరీ’ 1976లో చిత్రమైనది. అందు వాణిశ్రీ ధరించిన జయంతి ఉద్యోగము చేసి బ్రతుకు యువతి. యజమాని ధనవంతుడైనను, అందగాడైనను తన ఆత్మాభిమానమును అతనికి అప్పగింపదు. ఆ నవలలలోని ప్రేమ కలల ప్రేమయే కావచ్చును. అయినను ఆ కలలో స్త్రీ తన మర్యాదను తాను కాపాడుకొన్నది. ఆ నవలలను వేలకొలది స్త్రీలు ఎందుకు ఆసక్తితో చదివిరో దీనివలన తెలియును.

తరువాతి దశాబ్దములలో మార్పు వచ్చినది. నాయకుని జనాకర్షణపైననే వ్యాపారము నడచుట ఎక్కువైన కొలది కథయు అతని చుట్టును తిరుగ నారంభించినది. నాయిక పాత్ర నాలుగైదు పాటలకును, కొన్ని సరస సన్నివేశములకును కుదించుకొనిపోయినది. తెలుగు రాని నటీమణులు పెక్కురు నాయికలైరి. వారి నటనను తక్కువ చేయుట మా అభిమతము కాదు. అయితే వారు తెరమీద పెదవులు కదలించగా, గొంతు వేరొకరిది. ‘మరో చరిత్ర’ నాయికయైన సరిత వంటి ప్రతిభావంతులు ఎందరో నాయికలకు గాత్రదానము చేసి ఆ పాత్రలకు ప్రాణము పోసిరి. కాని ఒక చిత్రమును గూర్చి యోచింపుడు: ముఖము ఒకరిది, గొంతు ఒకరిది, మాటలు వ్రాసినవాడు మగవాడు, వేషము నిర్ణయించినది వ్యాపారము. అట్టి నాయికకు తన మాట యనునది ఎక్కడ నుండి వచ్చును?

ఈ కాలముననే ఒక అచ్చు తయారైనది. నాయకుడు నాయికను వీధిలోనో, కళాశాలలోనో చూచును. చూచిన క్షణమే ప్రేమ. ఆమె ‘కాదు’ అనును. అతడు వెంటపడును. ఆమె కోపగించుకొనును; మిత్రబృందము నవ్వును. అతడు దారికి అడ్డము నిలుచును, అల్లరి పెట్టును, పదిమందిలో పాట పాడును. కొంతసేపటికి ఆమెయు నవ్వును. ఆ నవ్వుతో, అంతవరకు ఆమె పలికిన కాదులన్నియు ఔనులేనని చిత్రము తీర్మానించును. ప్రేక్షకులు చప్పట్లు కొట్టుదురు. చూచితిమా, ఎంత సులభముగా ఒక మాటకు అర్థము తలక్రిందులైనదో!

ఆ కాలములోని అన్ని హాస్యచిత్రములును ఈ అచ్చునకు లోబడినవని చెప్పరాదు. 1984లో జంధ్యాల తీసిన ‘శ్రీవారికి ప్రేమలేఖ’కు మూలము పొత్తూరి విజయలక్ష్మి రచన. ఒక యువతి వ్రాసిన ఉత్తరము ఎరుగని యువకుని చేతిలో పడుటతో కథ మొదలగును. ప్రేమకథకు మొదటి మాట స్త్రీదే. 1986లో వంశీ తీసిన ‘లేడీస్ టైలర్’ మరొక రకమైనది. ఒంటిమీద పుట్టుమచ్చ గల స్త్రీని పెండ్లాడిన అదృష్టము పట్టునని నమ్మిన సోమరి దర్జీ, ఆ మచ్చకొరకు ఊరి యువతులను ఒకరి తరువాత ఒకరిని మాయచేయును. చిత్రము అతనిని మందలించును. ఉపాధ్యాయిని సుజాత చేత గడ్డిపెట్టించును. అయినను ఆ మందలింపు వచ్చులోపల ప్రేక్షకుడు ఆ అన్వేషణలో అతనితోపాటు వినోదించియే యుండును. మిస్సమ్మ కాలిమీది పుట్టుమచ్చ ఆమె ఎవరో తెలిపినది. ముప్పది యొక ఏండ్ల తరువాత అదే పుట్టుమచ్చ మగవాని అదృష్టమునకు గురుతు మాత్రమైనది. ఒక చిన్న గురుతులోనే ఎంతటి మార్పు!

ఇది వట్టి సాహిత్యచర్చ కాదు. తెరమీద ముచ్చటగా చూపిన ఆ వెంటపడుట మన చట్టము దృష్టిలో నేరము. 2013లో శిక్షాస్మృతికి జరిగిన సవరణలో దీనిని స్పష్టముగా నేరముగా చేర్చిరి. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహితలో ఇది 78వ సెక్షను. తనకు ఇష్టము లేదని స్త్రీ స్పష్టముగా తెలిపిన తరువాతను మాటిమాటికి ఆమెను అనుసరించుట, పరిచయమునకై ప్రయత్నించుట శిక్షార్హము. మొదటి నేరమునకు మూడేండ్ల వరకు, మరల చేసినచో అయిదేండ్ల వరకు కారాగార శిక్ష విధింపవచ్చును. చట్టము ఆమె ‘కాదు’కు ‘కాదు’ అనియే అర్థము చెప్పినది. మన సరస చిత్రములు మాత్రము చాలకాలము వేరొక నిఘంటువును వాడినవి.

2008 డిసెంబరులో వరంగల్లులో జరిగినదానిని మనము మరువలేము. ప్రేమను నిరాకరించినదను కక్షతో యాసిడ్ పోయగా ఇంజనీరింగు చదువుచున్న ఇరువురు యువతులు దగ్ధగాత్రలైరి. అందొకరు తరువాత ప్రాణము విడిచినారు. అట్టి దుర్మార్గమునకు చలనచిత్రమే కారణమని మేము చెప్పము. అట్లు చెప్పుట నేరము చేసినవాని బాధ్యతను తేలిక చేయుటయే యగును. కాని నిరాకరణ యన్నది అవమానమనియు, దానిని ఎట్లయినను జయింపవలెననియు పిల్లవాడు ఎక్కడ నేర్చుకొన్నాడు? ఇంట కొంత, వీధిలో కొంత, స్నేహితులలో కొంత. ఆ మూడింటికిని కావలసిన మాటలను, పాటలను, హావభావములను సరఫరా చేసిన అంగడి సినిమా కాదని ఎవరైన చెప్పగలరా?

ఇది వినోదమే కదా, ఇంత పట్టింపు ఎందుకని కొందరు పెద్దలు అందురు. చివరకు నాయిక ప్రేమించుచున్నది కదా యని మరికొందరందురు. మొదటి మాటకు జవాబు ‘పెండ్లి చేసి చూడు’లోనే ఉన్నది. వినోదము కట్నమును తప్పని నమ్మించగలిగినచో, వేధింపును ఒప్పని నమ్మించగలుగుటయు నిజమే. మంచి చేయు శక్తి యున్నదని గర్వించి, చెడు చేయు శక్తి లేదని తప్పించుకొనుట కూడదు. రెండవ మాటకు జవాబు ఇది: చివరి అంకములో నాయిక ఔననుట రచయిత వ్రాసిన మాట. వీధిలో నడచు విద్యార్థినికి అట్టి రచయిత లేడు. ఆమె మాటను ఆమెయే వ్రాసికొనవలెను. ఆ మాటను ఎదుటివాడు చదువనేర్చియుండవలెను.

ఇక ఊరట కలిగించు సంగతులను చెప్పుకొందము. 2004లో శేఖర్ కమ్ముల ‘ఆనంద్’ చిత్రమును తీసెను. తలిదండ్రులను కోల్పోయిన రూప తన పెండ్లినాడు తల్లి చీరను కట్టుకొనగోరును. కాబోవు అత్తగారు దానికి అడ్డుచెప్పును. కాబోవు భర్త నోరు విప్పడు. రూప ఆ పెండ్లినే మానుకొనును. ఆమె అరవదు, ఉపన్యసింపదు, మానుకొనును, అంతే. కథ అక్కడ ముగియలేదు, అక్కడనే మొదలైనది. తరువాత పొరుగింటికి వచ్చిన ఆనంద్ ఆమె మనస్సు కుదుటపడువరకు ఓపికతో వేచియుండును. 2006లో అదే దర్శకుని ‘గోదావరి’లో సీత సొంతముగా బట్టల వ్యాపారము నడపవలెనని తంటాలుపడు యువతి. రాజమహేంద్రవరమునుండి భద్రాచలమునకు సాగు పడవ ప్రయాణములో ఆమె కోపములు, ఆమె సందేహములు, ఆమె పొరపాట్లు అన్నియు కథకు సొత్తులైనవి. పొరపాటు చేయు హక్కుకూడ నాయికకు ఉండవలెను కదా.

అదే 2006లో వచ్చిన ‘బొమ్మరిల్లు’ను గూర్చి రెండు మాటలు. అందులోని హాసిని గలగల మాటలాడు పిల్ల. ఆ పాత్రకు వచ్చిన ఆదరణను చూచి తరువాత పెక్కు చిత్రములు నాయికను చిన్నపిల్లవలె, తెలివితక్కువదానివలె చిత్రించినవి. తెలివి లేనితనమే ముద్దు అను ఈ అభిప్రాయము మంచిది కాదు. కాని మూలచిత్రమును న్యాయముగా చూడవలెను. నాయకుని ఇంట కొన్నాళ్లుండిన హాసిని, అందరి మెప్పుకొరకు తన స్వభావమును అణచుకొని బ్రతుకలేనని తెలిసికొని, ప్రేమించినవానినే విడిచి వెళ్లిపోవును. ఆ ‘కాదు’ వలననే నాయకునకు తండ్రి యెదుట నోరు తెరచు ధైర్యము కలిగినది. అనుకరించినవారు ఆమె గలగలలను తీసికొనిరి. ఆమె నిర్ణయమును విడిచిపెట్టిరి.

2011లో బి.వి. నందినీరెడ్డి ‘అలా మొదలైంది’ చిత్రముతో దర్శకురాలైనది. స్నేహము ప్రేమగా మారు ఈ హాస్యకథలో నాయికయు నాయకునితో సమానముగా చమత్కరించును, తగవులాడును, తప్పులు చేయును. ఆ పాత్ర ధరించిన నిత్యామీనన్ అందు పాటలు కూడ పాడినది. స్త్రీ దర్శకత్వము మనకు క్రొత్త కాదు. భానుమతి 1953లోనే ‘చండీరాణి’ని తెలుగు, తమిళ, హిందీ భాషలలో తీసినది. సావిత్రి 1968లో ‘చిన్నారి పాపలు’తో దర్శకురాలైనది. విజయనిర్మల నలువదికి పైగా చిత్రములకు దర్శకత్వము వహించి గిన్నిస్ రికార్డుల గ్రంథమున కెక్కినది. అయినను మొత్తము చిత్రములలో స్త్రీలు తీసినవి నేటికిని కొద్దియే. భానుమతి ‘అత్తగారి కథలు’ చదివినవారికి, స్త్రీ స్త్రీని చూచి నవ్వునప్పుడు ఆ నవ్వులో ఎంత చనువు, ఎంత ఆదరము ఉండునో తెలియును. ఆ నవ్వు తెరమీద ఇంకను ఎక్కువగా రావలసియున్నది.

2016 నాటి ‘పెళ్లి చూపులు’ చిన్న పెట్టుబడితో వచ్చి, ఉత్తమ తెలుగు చిత్రముగా జాతీయ పురస్కారమును పొందినది. తరుణ్ భాస్కర్ దర్శకుడు. చిరునామా పొరపాటున ఒక ఇంటికి పెండ్లిచూపులకు వచ్చిన ప్రశాంత్, ఆ ఇంటి అమ్మాయి చిత్ర, ఒక గదిలో చిక్కుకొని మాటలాడుకొందురు. ఆమెకు వ్యాపారము చేయు దక్షత యున్నది. అతనికి వంట చేయుట యందు ప్రీతి. ఇరువురును కలిసి బండిమీద భోజనశాల పెట్టుదురు. లెక్కలు, నిర్ణయములు ఆమెవి, గరిటె అతనిది. ఈ తారుమారును చిత్రము ఎగతాళి చేయలేదు, ఘనకార్యమనియు చాటలేదు, సహజమని చూపినది. మరుసటి సంవత్సరము వచ్చిన ‘ఫిదా’లో బాన్సువాడ పిల్ల భానుమతి తండ్రిని, ఊరిని విడిచి రానని పట్టుపట్టును. పెండ్లియైన ఆడుపిల్ల ఇల్లు విడువవలెనను అనాది నియమమునకు ఆమె ‘కాదు’ అన్నది. చివరకు అమెరికాలో చదివిన నాయకుడే ఆమె ఊరికి వచ్చును. సాయిపల్లవి ఆ పాత్రకు తన సొంత గొంతుతో తెలంగాణపు మాటలను పలికినది. ముఖమును గొంతును మరల ఒక్కటైనవి. ఆ మాటలు ఇంటింట మారుమ్రోగినవి.

ఇంకను మిగిలియున్న లోపములు పెక్కు. నాయకుని వయస్సు పెరుగుచున్నను నాయిక వయస్సు మాత్రము పెరుగదు. లావైన స్త్రీ, నల్లనైన స్త్రీ, పెండ్లికాని స్త్రీ తెరమీదికి రాగానే పరిహాసము సిద్ధముగా నుండును. తల్లి పాత్ర వంటింటి గడప దాటదు. నందినీరెడ్డి 2019లో తీసిన ‘ఓ బేబీ’, కొరియా చిత్రమునకు అనుసరణయైనను, ఈ విషయమున ఒక మంచి మాట చెప్పినది. యౌవనము తిరిగివచ్చిన ఒక వృద్ధురాలు, సంసారము కొరకు తాను విడిచిన పాటను మరల అందుకొనును. మన ఇండ్లలోని అమ్మమ్మలకును, నాయనమ్మలకును తీరని కోరికలు కొన్ని ఉన్నవని ఆ చిత్రమును చూచి నవ్వుచునే ఎందరో తలచియుందురు.

మరి మనము చేయవలసినదేమి? చిత్రములను నిషేధింపుడని మేము కోరము. పిల్లలను చూడనీయకుడనియు అనము. నేడు తెర ప్రతివాని జేబులోనే ఉన్నది. తలుపులు మూసి లాభము లేదు. కుటుంబమంతయు కలిసి ఒక సరస చిత్రమును చూచిన పిమ్మట, కాఫీ త్రాగుచు మూడు ప్రశ్నలు వేసికొనుడు. ఈ కథలో నాయిక ఏమి చేసి బ్రతుకుచున్నది? ఆమె పెండ్లిని గూర్చి కాక వేరొక విషయమును గూర్చి ఎవరితోనైన మాటలాడినదా? ఆమె ‘కాదు’ అన్నప్పుడు ఏమి జరిగినది? ఈ మూడవ ప్రశ్నను కొడుకులను తప్పక అడుగుడు. కూతుండ్రకు మాత్రమే జాగ్రత్తలు చెప్పి కొడుకులను వదలివేయుట మన ఇండ్లలోని పాత అలవాటు. కాదన్న మాటను గౌరవించుట మగతనమునకు లోటు కాదని వారికి తండ్రియే చెప్పవలెను. చెప్పుటకంటె ముందు, ఇంటిలో తాను చేసి చూపవలెను.

నిర్మాతలకును ఒక మనవి. నాయిక మాటకు విలువనిచ్చిన ‘మిస్సమ్మ’ ఏడు పదుల యేండ్లు దాటినను నవ్వించుచున్నది. ‘పెళ్లి చూపులు’, ‘ఫిదా’ ధనమును, ఆదరమును రెండింటిని సంపాదించినవి. గౌరవము నష్టపు బేరము కాదని చరిత్రయే చెప్పుచున్నది.

చివరగా శ్రోతలకు ఒక చిన్న సూచన. ఈమారు ఇంటిలో ఏదైన సరస చిత్రము నడచుచుండగా, ఒక పావుగంట కన్నులు మూసికొనుడు. రేడియో వినుచున్నట్లు వినుడు. నాయిక గొంతు మీకు వినవచ్చుచున్నదా? ఆమె ఏమి కోరుచున్నదో, ఏమి కాదనుచున్నదో తెలియుచున్నదా? తెలిసినచో కన్నులు తెరచి హాయిగా చిత్రమును చూడుడు, మనసార నవ్వుడు. ఆ గొంతు వినరానిచో, పక్కన కూర్చున్న పిల్లలతో ఆ సంగతిని గూర్చి రెండు మాటలు మాటలాడుడు. తెర ఈయని మాటను ఇల్లు ఈయగలదు.